జట్టు చిహ్నంలో విశాఖను ఎలా చూపాలి? డాల్ఫిన్, అల, లంగరు దాటి ఆలోచిద్దాం

కోటవీధి (చర్చ ప్రారంభం)

వేదిక సభ్యులందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లోని మా ఫుట్‌బాల్ జట్టుకు ఇంతవరకు చిహ్నం అంటూ ఒకటి లేదు. తెల్ల బనియన్ల మీద అంకెలు వేయించుకుని పదకొండేళ్లు ఆడాం. ఈ ఏడాది పిల్లల జట్టును కూడా కలుపుకొని 42 జెర్సీలు కుట్టించాలనుకున్నప్పుడు, ఛాతీ మీద మనదని చెప్పుకునే గుర్తు ఒకటి ఉండాలన్న మాట వచ్చింది. చందాలు పోగుచేసి, నగరంలోని ఒక డిజైన్ సంస్థకు ఆ పని అప్పగించాం. వారం తర్వాత వాళ్లు పంపిన బొమ్మలో నీలిరంగు డాల్ఫిన్ ఒకటి అల మీద నుంచి ఎగురుతోంది. దాని కింద లంగరు, చుట్టూ వృత్తం, వృత్తం అంచున ఇంగ్లీషు అక్షరాల్లో మా పేరు. చూడగానే అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. అయితే మా గోల్‌కీపర్ ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టి వెతికితే, అదే డాల్ఫిన్ ఒక విదేశీ ఈత శిక్షణ కేంద్రం బోర్డు మీద, ఒక నీటి శుద్ధి యంత్రం డబ్బా మీద, మరో రాష్ట్రంలోని పాఠశాల క్రీడోత్సవాల బ్యానర్ మీద కనిపించింది. తోక మలుపు అదే, వీపు మీద తెల్లని మెరుపు గీత అదే, చివరికి కంటి చుక్క కూడా అదే చోట ఉంది.

సంస్థవారిని అడిగితే, ఆ బొమ్మను రుసుము చెల్లించి కొన్నామని, అందువల్ల తప్పేమీ లేదని సమాధానమిచ్చారు. ఆ మాట చట్టరీత్యా నిజమే కావచ్చు. కానీ పన్నెండేళ్ల కుర్రాడు ఆ జెర్సీ తొడుక్కుని ‘ఇది మా వన్‌టౌన్ గుర్తు’ అని చెప్పుకుంటున్నప్పుడు, అది నీళ్ల డబ్బా మీద బొమ్మ కదా అని ఎవరైనా అంటే వాడి మనసు ఎంత చిన్నబోతుందోనన్నదే నా బాధ. అందుకే మిమ్మల్ని రెండు విషయాలు అడుగుతున్నాను. ఊరిని చూపించే బొమ్మ ఊరందరికీ తెలిసినదై ఉండాలి కదా, అలాంటప్పుడు అది కొత్తదిగా ఎలా ఉంటుంది? అసలు జట్టు గుర్తులో ఊరు కనిపించి తీరాలా?

దారంసూది

కోటవీధి గారూ, నేను డాబాగార్డెన్స్ దగ్గర కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాను. జట్ల బ్యాడ్జీలు, పాఠశాల కోట్ల జేబు గుర్తులు కుట్టడమే నా జీవనోపాధి. మీరు వర్ణించిన డాల్ఫిన్‌ను నేనే నాలుగు జట్లకు కుట్టి ఉంటాను, కాబట్టి తప్పంతా డిజైన్ చేసినవారి మీదే వేయడం నాకు న్యాయంగా తోచదు. మా దుకాణానికి వచ్చే జట్లలో ఎక్కువమంది ‘వైజాగ్ కదండీ, డాల్ఫిన్ పెట్టండి, కింద అలలు వేయండి, రేపు సాయంత్రానికి కావాలి’ అంటారు. రేపు సాయంత్రానికి కావలసిన బొమ్మ ఎక్కడో తయారై ఉన్నదే అవుతుంది.

ఏ బొమ్మ ఎంచుకున్నా ఒక మాట గుర్తుంచుకోండి. ఛాతీ మీద గుర్తు ఏడు సెంటీమీటర్లకు మించదు. అందులో ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీత దారంతో నిలవదు, అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరం పూడుకుపోతుంది. జెర్సీ బట్ట సాగే గుణం ఉన్నది కాబట్టి, కుట్లు దట్టమైతే చుట్టూ ముడతలు పడతాయి. కైలాసగిరి శివపార్వతులను, తీగమార్గాన్ని, కురుసుర జలాంతర్గామిని, దీపస్తంభాన్ని ఒకే వృత్తంలో కుట్టమని ఒకరు తెచ్చారు. కుట్టి ఇస్తే అది ఏమిటో వారికే తెలియలేదు.

ఉక్కునగరం

నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమణ పొందినవాడిని. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదాన్ని మా నాన్నగారి నోట విన్నవాడిని. కోటవీధి గారి మొదటి ప్రశ్నకు అమెరికాలోని మరో ఉక్కు నగరం చక్కని జవాబు ఇచ్చింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

పిట్స్‌బర్గ్‌లో స్టీలర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఉంది. అది అమెరికా వాళ్ల ఫుట్‌బాల్, మనది కాదు. దాని శిరస్త్రాణం మీద ఉండే గుర్తు ప్రపంచంలోని క్రీడా చిహ్నాల్లో ఊరికి అత్యంత సన్నిహితమైన వాటిలో ఒకటని నేను నమ్ముతాను. నల్లని అంచున్న తెల్లని వృత్తంలో నాలుగు మొనలున్న మూడు నక్షత్రాల వంటి ఆకారాలు ఉంటాయి. పసుపు రంగుది బొగ్గుకు, నారింజ ఛాయలో ఉన్నది ఇనుప ఖనిజానికి, నీలం తుక్కు ఉక్కుకు గుర్తులని చెబుతారు. కొలిమి దగ్గర నిలబడినవాడికి ఈ మూడింటినీ విడమరచి చెప్పవలసిన పని లేదు. ఆశ్చర్యమేమిటంటే, ఆ గుర్తును జట్టు కోసం ఎవరూ గీయలేదు. అది ఉక్కు పరిశ్రమల సంఘం తన ఉత్పత్తుల ప్రచారానికి వాడుకుంటున్న ముద్ర. 1962లో జట్టు దాన్ని అనుమతితో తీసుకుంది. మొదట శిరస్త్రాణానికి కుడివైపున మాత్రమే అతికించి ఎలా ఉంటుందో చూశారు, ఆ పద్ధతి నచ్చి ఈనాటికీ ఒక్క కుడివైపునే ఉంచారు. తర్వాత ‘స్టీల్’ అన్న మాటను ‘స్టీలర్స్’గా మార్చుకోవడానికి మళ్లీ అనుమతి అడిగి మార్చుకున్నారు.

అంటే ఆ బొమ్మలో స్వంత సృష్టి ఒక్క గీత కూడా లేదు. అయినా దాన్ని నకలని ఎవరూ అనరు. తీసుకున్నది తమ ఊరి కొలిముల్లోంచి, తీసుకున్నది అడిగి, నలుగురికీ చెప్పి. మీ డాల్ఫిన్ విషయంలో నన్ను బాధించేది అది ఎక్కడో ఉండటం కాదు, దాన్ని గీసినవాడికి విశాఖతో ఏ సంబంధమూ లేకపోవడం. మన నగరంలో సముద్ర తీరాన ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం ఉండగా, ఒక్క జట్టయినా కాగే ఇనుము రంగును జెర్సీ మీదికి ఎందుకు తెచ్చుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గ్యాలరీమెట్లు

ఉక్కునగరం గారి మాట చదివి, ఫుట్‌బాల్ క్లబ్బుల వైపు నుంచి మరికొన్ని విషయాలు చేర్చాలనిపించింది. మాంచెస్టర్ సముద్రం లేని ఊరు. అయినా అక్కడి రెండు ప్రత్యర్థి క్లబ్బులు, సిటీ, యునైటెడ్, తమ చిహ్నాల్లో తెరచాప ఓడనే పెట్టుకున్నాయి. 1842లో ఆ పట్టణానికి లభించిన అధికార ముద్రలో వ్యాపారానికి గుర్తుగా ఓడ ఉండేది. నిజంగా ఓడలు వచ్చే కాలువ తెరుచుకున్నది 1894లో. సిటీ క్లబ్బు 2015 డిసెంబరులో అభిమానులను సంప్రదించి కొత్త గుండ్రని చిహ్నాన్ని ప్రకటించినప్పుడు, మధ్యలో ఉన్న డేగను తీసివేసి, ఓడను ఉంచి, దాని కింద మూడు నదులకు గుర్తుగా మూడు గీతలను, లంకషైర్ ఎర్ర గులాబీని తిరిగి తెచ్చుకుంది. ఒకే ఊరి ఓడను ఇద్దరు శత్రువులు పంచుకున్నారు, ఎవరూ ఎవరినీ దొంగ అనలేదు. కాబట్టి ఊరి గుర్తు అందరిదీ. దాన్ని గీసిన తీరు మాత్రం జట్టుది కావాలి.

నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ ఎవర్టన్. లివర్‌పూల్ నగరమంటే అందరికీ గుర్తొచ్చేది లివర్ పక్షి, ఆ పక్షి రెండో క్లబ్బు ఛాతీ మీద ఉంది. ఎవర్టన్ వాళ్లు తమ పేటలోని ఒక చిన్న రాతి గదిని ఎంచుకున్నారు. 1787లో కట్టిన ఆ గుండ్రని గదిలో తాగి అల్లరి చేసినవారిని రాత్రికి బంధించేవారట. అందంగా ఉంటుందనో, గొప్పదనో దాన్ని ఎంచుకోలేదు. ఆ వీధిలో పెరిగినవాడు దాన్ని రోజూ చూస్తాడు, వేరే ఊరివాడికి దాని సంగతే తెలియదు. 2013లో ఆ చిహ్నాన్ని సరళం చేసి, లాటిన్ నినాదాన్ని, ఆకుల దండలను తొలగిస్తే ఇరవై రెండు వేలమందికి పైగా నిరసన సంతకాలు చేశారు. మరుసటి ఏడాదికి క్లబ్బు మూడు నమూనాలు ముందుంచి, అభిమానుల ఓటుతో కొత్తదాన్ని తీసుకుంది. లీడ్స్ యునైటెడ్ 2018 జనవరిలో ఛాతీ మీద పిడికిలి పెట్టుకున్న మనిషి బొమ్మను ప్రకటించింది. పదివేల మందిని సంప్రదించామని చెప్పినా అభిమానులు వేల సంఖ్యలో వ్యతిరేకించడంతో దాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. ఆ మనిషి ఏ ఊరివాడైనా కావచ్చునన్నదే అక్కడ నాకు కనిపించిన లోపం.

మన దేశంలో చూడాలంటే కోల్‌కతా చూడండి. 1889లో పుట్టిన మోహన్ బగాన్‌కు తెరచాప ఎత్తిన నాటు పడవ, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌కు కాగడా. హౌరా వంతెనను గానీ విక్టోరియా స్మారకాన్ని గానీ ఆ రెండూ పట్టించుకోలేదు. వన్‌టౌన్ జట్టు కూడా మొత్తం నగరాన్ని ఛాతీ మీద మోయనక్కరలేదని, తన వీధిని మోస్తే చాలని నా అభిప్రాయం.

మధురవాడ

అందరూ ఒకే దారిలో వెళుతున్నారు కాబట్టి, మర్యాదపూర్వకంగానే వ్యతిరేక పక్షం వినిపిస్తాను. ఊరి గుర్తు లేకపోతే జట్టుకు ప్రాణం లేదన్న మాటను నేను అంగీకరించలేను. చెన్నైలో సింహాలు తిరగవు, అయినా పసుపు జెర్సీ మీద సింహం కనిపిస్తే ఆ ఊరివాళ్లు ప్రాణం పెడతారు. మా పోతినమల్లయ్యపాలెం స్టేడియాన్నే చూడండి. 2016లో మహారాష్ట్ర కరవు కారణంగా ముంబై, పుణె జట్ల ఆటలు ఇక్కడికి వచ్చాయి. 2024లోనూ 2025లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ కొన్ని సొంత మైదానపు ఆటలను ఇక్కడే ఆడింది. 2024లో చెన్నైతో జరిగిన ఆటలో ధోనీ బ్యాటు పట్టి వస్తే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. 2005 ఏప్రిల్ 5న ఇదే మైదానంలో పాకిస్థాన్ మీద 148 పరుగులు చేసిన కుర్రాడిని జనం మరిచిపోలేదు. ఆ రోజు ఎవరి ఛాతీ మీద ఏ ఊరి బొమ్మ ఉన్నదని ఎవరూ చూడలేదు. ఆట గుర్తుండిపోతే గుర్తు దానంతటదే ఊరిది అవుతుంది.

2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు వైజాగ్ వారియర్స్, ఉత్తరాంధ్ర లయన్స్, బెజవాడ టైగర్స్ అని పేర్లు పెట్టారు. వీటిలో ఊరి పేరు తీసి పక్కన పెడితే మిగిలేది ఏ ఊరికైనా సరిపోతుందని మీరు అనవచ్చు. సరే, కానీ ఆటగాడికి కావలసిన ఉత్సాహం సింహంలో ఉంది, రాతి గదిలో లేదు.

ఉక్కునగరం

మధురవాడ గారూ, మీరే ఒక మంచి ఉదాహరణను అందించి వదిలేశారు. 2025లో మన జట్టు పేరు సింహాద్రి వైజాగ్ లయన్స్ అయింది కదా. ‘సింహాద్రి’ అన్న ఒక్క మాట ముందు చేరగానే, అడవిలో ఎక్కడిదో తెలియని సింహం కాస్తా మన కొండ మీది అప్పన్న సన్నిధిలోనిది అయిపోయింది. సింహం వద్దని నేను అనను, ఆ సింహం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలని మాత్రం అంటాను.

ఉదయపునడక

చర్చ చాలా బాగుంది. నాది ఒక చిన్న పరిశీలన, కానీ ముఖ్యమైనదని అనుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా ఆర్కే బీచ్‌లో నడుస్తున్నాను. అక్కడ నిలబడి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోతూ కనిపిస్తుంది. సముద్రం మన ఎడమ చేతి వైపు ఉంటుంది కాబట్టి ఆ ముక్కు ఎడమవైపుకే తిరిగి ఉంటుంది. మన నగరపు దుకాణాల బోర్డుల మీద, జట్ల బనియన్ల మీద, పాఠశాల సంచికల అట్టల మీద వేసిన కొండ బొమ్మలను ఒకసారి గమనించండి. చాలావాటిలో ముక్కు కుడివైపుకు తిరిగి ఉంటుంది. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటున్న కంటికి కుడివైపు చూపు ముందుకు సాగుతున్నట్టు, ఎడమవైపు చూపు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుందని గీసేవాళ్లు దాన్ని తిప్పేస్తారు.

అలా తిప్పిన బొమ్మ అబద్ధమని అనలేం. యారాడ వైపు నుంచి ఉత్తరంగా చూస్తే ఆ ముక్కు నిజంగానే కుడివైపుకు ఉంటుంది. కానీ ఆ బొమ్మ వేసుకున్న జట్టు ఆర్కే బీచ్ వైపుదైతే, తమ కొండను తాము ఎన్నడూ చూడని వైపు నుంచి ఛాతీ మీద వేసుకున్నట్టే కదా. కోటవీధి గారు అడిగిన కొత్తదనం నాకు ఇక్కడ కనిపిస్తోంది. అందరికీ తెలిసిన కొండనే తీసుకోండి, కానీ మీ మైదానం నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా గీయించండి. తెల్లవారుజామున అది నలుపు కాదు, బూడిద కలిసిన నీలం. ఎండ ఎక్కాక మాత్రమే పచ్చదనం తేలుతుంది. ఇదంతా ఏడు సెంటీమీటర్లలో పట్టదని దారంసూది గారు అంటారని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

నల్లకోటు

నేను న్యాయవాదిని, కాబట్టి చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. డిజైన్ సంస్థ రుసుము చెల్లించి బొమ్మ కొన్నదన్న మాట నిజమైనా, అలాంటి అనుమతి సాధారణంగా ఒక్కరికే పరిమితమైనది కాదు. అదే బొమ్మను ఇంకా ఎందరైనా కొనవచ్చు. పైగా బొమ్మలు అమ్మే చాలా భాండాగారాల షరతులు వాటిని వాణిజ్య చిహ్నంగా నమోదు చేసుకోవడాన్ని నిషేధిస్తాయి. రేపు మీ జట్టు ఎదిగి, దుస్తులకు 25వ తరగతిలో, క్రీడా కార్యక్రమాలకు 41వ తరగతిలో నమోదు చేయించుకోవాలనుకుంటే అక్కడే ఆగిపోతారు. 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టంలోని తొమ్మిదో సెక్షను ప్రకారం ఊరి పేరు ఒక్కటే చిహ్నంగా నిలవడం కష్టం, దానికి తోడుగా విలక్షణమైన బొమ్మ ఉండాలి.

రెండో విషయం చాలామంది పట్టించుకోనిది. బయటి చిత్రకారుడితో గీయించుకున్నప్పుడు డబ్బు చెల్లించినంత మాత్రాన హక్కు మీదైపోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగాను, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగాను భావిస్తారు. కాబట్టి స్నేహితుడే గీసినా ఒక కాగితం రాయించుకోండి. కట్టడాలను, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలను బొమ్మగా గీయడం ఆ చట్టం కింద ఉల్లంఘన కాదు, అందువల్ల కైలాసగిరి శిల్పాన్ని గీసుకోవడానికి భయపడనక్కరలేదు. అయితే ముంబైలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ 2017లో తన భవనపు ఆకృతిని వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించుకున్న విషయాన్ని, ప్రైవేటు భవనాలను చిహ్నంలో పెట్టుకునే జట్లు మరువకూడదు. జాతీయ చిహ్నమైన సింహాల జోలికి మాత్రం వెళ్లకండి, దాని దుర్వినియోగాన్ని నిరోధించడానికి 2005లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

అక్షరాలబండి

నేను డిజైన్ చదువుతున్న విద్యార్థినిని. నల్లకోటు గారి మాటకు కొనసాగింపుగా, నకలు ఆరోపణ ఎంత దూరం వెళ్లగలదో మా తరగతిలో తప్పకుండా చెప్పే సంఘటన ఒకటి ఉంది. టోక్యో ఒలింపిక్స్ కోసం 2015 జులైలో ప్రకటించిన చిహ్నం బెల్జియంలోని ఒక నాటకశాల గుర్తును పోలి ఉందని, ఆ నాటకశాల గుర్తును గీసిన రూపకర్త ఆరోపించారు. టోక్యో రూపకర్త కాదన్నా, సెప్టెంబరు 1న నిర్వాహకులు దాన్ని ఉపసంహరించుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఎంపికైన చిహ్నం నీలిమందు రంగు గళ్లతో ఉంటుంది. ఆ గళ్లు జపానువాళ్లు తరతరాలుగా బట్టల మీద వేసుకుంటున్న నమూనా. కొత్తగా కనిపించిన మొదటి దాని మీద వివాదం చెలరేగింది, పాత గళ్లను వాడిన రెండోది మాత్రం నిలిచింది. స్టీలర్స్ గురించి ఉక్కునగరం గారు చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంది.

ఇక నా సూచన. న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు టోపీ మీది రెండు అక్షరాల అల్లిక 1877లో ఒక పోలీసు అధికారికి ఇచ్చిన పతకం నుంచి వచ్చింది, జట్టు దాన్ని 1909లో తీసుకుంది. అందులో భవనం లేదు, వంతెన లేదు, అయినా అది ఆ ఊరే. మనకు అంతకన్నా అందమైన లిపి ఉండగా జెర్సీల మీద ఇంగ్లీషు అక్షరాలు ఎందుకు? ‘విశాఖ’లోని మొదటి అక్షరాన్ని చూడండి. ‘వ’ మీద తలకట్టు పోయి గుడి వస్తుంది. ఆ గుడి వంపును కొండ శిఖరం నుంచి సముద్రంలోకి దిగే గీతగా సాగదీస్తే, ఉదయపునడక గారు చెప్పిన కొండ అక్షరంలోనే దొరుకుతుంది. ‘వ’ కడుపులోని వంపు రేవులా ఉంటుంది. నిన్న రాత్రి ఇరవై సార్లు గీశాను, పదిహేనోది బాగా వచ్చిందని నా నమ్మకం. ఆ బొమ్మను దారంసూది గారికి పంపుతున్నాను.

దారంసూది

అమ్మా, మీరు పంపిన ‘వి’ని నిజాయితీగా కుట్టి చూశాను. పన్నెండు సెంటీమీటర్ల జెండా మీద చూడముచ్చటగా ఉంది, మా పనివాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఏడు సెంటీమీటర్లకు తగ్గిస్తే మాత్రం గుడికీ ‘వ’కూ మధ్య ఉన్న ఖాళీ మూసుకుపోయి అక్షరం ముద్దగా మారింది. ఆ ఖాళీని కనీసం రెండు మిల్లీమీటర్లు పెంచి, గుడి చివర మెలికను తీసేస్తే నిలుస్తుంది. కుట్టు కాకుండా సబ్లిమేషన్ ముద్రణ, అంటే వేడితో రంగును బట్టలోకి ఎక్కించే పద్ధతి, చేయించుకుంటే సన్నని గీతలూ వస్తాయి, కాకపోతే అది లేత రంగు పాలిస్టర్ బట్ట మీదనే పడుతుంది. ముదురు జెర్సీ అనుకుంటే కుదరదు. మళ్లీ పంపండి, కుట్టి చూపిస్తాను, డబ్బు అక్కరలేదు.

జాలారిపేటబడి

నేను ఉపాధ్యాయురాలిని. ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఒకసారి నాలుగో తరగతి పిల్లలను పడవ బొమ్మ గీయమన్నాను. ఎక్కువమంది పిల్లలు పుస్తకాల్లో ఉండే పడవనే గీశారు: కింద అర్ధచంద్రం, పైన త్రికోణపు తెరచాప, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడు ఒకడు మాత్రం పక్కపక్కన దుంగలు గీసి, వాటి మీద అడ్డంగా తాళ్లు వేయడం మొదలుపెట్టాడు. తాడు దుంగ కింద నుంచి వచ్చి పైకి ఎలా తిరుగుతుందో, ముడి ఎక్కడ పడుతుందో చూపించడానికి మూడు సార్లు చెరిపి గీశాడు. కాగితం చిరిగిపోయేలా ఉన్నా వదల్లేదు. సముద్రం గీయలేదేమని అడిగితే, ‘తెప్ప కట్టడం అవ్వలేదు టీచర్’ అన్నాడు.

ఇప్పుడు మా దగ్గర ఫైబర్ బోట్లే ఎక్కువ, తెప్పలు బాగా తగ్గిపోయాయి. అయినా వన్‌టౌన్, జాలారిపేట ప్రాంతాల జట్టుకు చిహ్నం అనగానే నాకు ఆ పిల్లవాడి ముడులే గుర్తొచ్చాయి. లంగరు పెద్ద ఓడలది, జలాంతర్గామి నౌకాదళానిది, డాల్ఫిన్ మనకు దూరం నుంచి కనిపించేది. తెప్ప మాత్రం ఇక్కడి మనుషులు తమ చేతులతో కట్టింది. కొసలు పైకి లేచిన ఆ దుంగలను ఏ బొమ్మల భాండాగారంలో వెతికినా ఇలాగే దొరకవని నా నమ్మకం. ఒక్క మనవి: గీసే ముందు వేటకు వెళ్లినవారికి చూపించండి. ముడి తప్పుగా పడితే ఊళ్లో సగంమందికి వెంటనే తెలిసిపోతుంది.

గ్యాలరీమెట్లు

జాలారిపేటబడి గారూ, ఎవర్టన్ రాతి గది గురించి నేను రాసినప్పుడు మన ఊళ్లో అలాంటిది ఏముందా అని వెతుక్కుంటూనే ఉన్నాను. మీరు చూపించారు, చాలా సంతోషం.

రంగు గురించి ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. 2012లో కార్డిఫ్ సిటీ యజమాని నీలం జెర్సీని ఎరుపు చేసి, నీలి పక్షిని చిన్నది చేసి డ్రాగన్‌ను పెద్దది చేశారు. అభిమానుల నిరసన ఆగక 2015లో మళ్లీ నీలానికే వచ్చారు. మీకు ఇంకా రంగు లేదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు, అందుకే ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. సముద్రం ఉన్న ప్రతి ఊరూ నీలమే అంటుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగు మన దగ్గర తప్ప దొరకడం కష్టం.

కోటవీధి

ఆలస్యంగా తిరిగి వచ్చినందుకు మన్నించండి. మీ అందరి మాటలను కాగితం మీద రాసుకుని ఆదివారం ఆట అయ్యాక జట్టు ముందు చదివాను. డిజైన్ సంస్థతో మాట్లాడి డాల్ఫిన్‌ను వదులుకున్నాం, వారు సగం సొమ్ము తిరిగి ఇచ్చారు. మిగిలిన సగం గురించి పట్టుపట్టదలచుకోలేదు, ఎందుకంటే దారంసూది గారన్నట్టు మేమూ ‘సముద్రం, డాల్ఫిన్’ అనే చెప్పాం.

‘వి’కీ తెప్పకూ మధ్య జట్టు సమానంగా చీలింది. చివరికి జెండాకు అక్షరాన్ని, జెర్సీకి తెప్పను ఉంచాలని నిర్ణయించాం. మా డిఫెండరు తాతగారు ముప్పై ఏళ్లు వేటకు వెళ్లినవారు. ఆయన ముందు కాగితం పెట్టగానే రెండో ముడిని వేలితో చూపించి, ‘ఇలా కడితే రేవు దాటకముందే ఊడిపోతుంది’ అన్నారు. తర్వాత కొబ్బరి తాడు తెప్పించుకుని రెండు కర్రల మీద కట్టి చూపించారు. అక్షరాలబండి గారు ఆ ముడిని ఫోటో తీసుకుని, దాన్ని చూసే గీశారు. నల్లకోటు గారి సలహా మేరకు హక్కుల కాగితం కూడా రాసుకున్నాం, కాలపరిమితిని అందులో స్పష్టంగా పెట్టాం.

ఒకే ఒక్క చోట వాదన జరిగింది. తెప్ప వెనక కొండ గీత ఉంది. ఉదయపునడక గారి మాట ప్రకారం ముక్కు ఎడమవైపుకే ఉంచితే, సముద్రంలోకి వెళ్లే తెప్ప కొస కూడా ఎడమవైపుకే తిరుగుతుంది. జట్టు వెనక్కి పోతున్నట్టు ఉందని కొందరన్నారు. తాతగారు ఆ బొమ్మను తీసుకుని గుమ్మంలో నిలబడి, దక్షిణం వైపు ముఖం పెట్టి, కాగితాన్ని ఎదురుగా పట్టుకుని, ‘సముద్రం ఎటుంది?’ అని అడిగారు. పిల్లలందరూ ఎడమ చెయ్యి ఎత్తారు. అలాగే ఉంచేశాం.

దారంసూది గారూ, దుంగలకు మూడు గీతలు, తాడుకు రెండు ముడులు, కొండకు ఒకే గీత. మొత్తం కలిపి ఏడు సెంటీమీటర్లు, అక్షరాలు ఏమీ లేవు. బట్ట తెలుపే, దారం ఎర్రమట్టి రంగు. దిబ్బల నుంచి గుప్పెడు మట్టి తేవడం సరికాదు కాబట్టి ఉదయం ఎండలో తీసిన నాలుగు ఫోటోలు తెస్తున్నాను. వాటిలో ఇటుక రంగు నుంచి పసుపు కలిసిన ఎరుపు దాకా ఛాయలు ఉన్నాయి. మీ దగ్గరున్న దారపు కండెల్లో దగ్గరగా ఉన్నవి రెండు మూడు తీసి ఉంచండి. శనివారం సాయంత్రం తాతగారిని కూడా తీసుకుని దుకాణానికి వస్తాను, మొదటి ముడి ఆయన చూస్తుండగానే కుట్టాలి.